బలపరచమన్నారు, పడగొట్టమనలేదు

మా అత్తవారింట్లో నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు "నువ్వు లాయరువి కావలసిందమ్మా" అనేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో అది పొగడ్త అనుకుని సంబరపడ్డాను. నోరు మూయించడానికి అది మర్యాదైన పద్ధతని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. కోనసీమలో ఎవరూ ఎవరినీ నోరు ముయ్యమనరు. అంత మాట అనడానికి సభ్యత అడ్డొస్తుంది. పొగిడేసి, చేతికి మంచినీళ్ల గ్లాసిచ్చి, మాట మార్చేస్తారు. అవతలి మనిషి నీళ్లు తాగేలోపు ఆ సంగతి ఊరి పొలిమేర దాటిపోతుంది.

పాతికేళ్లు ఆ పొగడ్త విన్నాక, నలభై ఎనిమిదో ఏట, ఒక రోజు పొద్దున్నే టిఫిన్ దగ్గర చెప్పేశాను. మూడేళ్ల లా కోర్సు ప్రవేశ పరీక్షకి దరఖాస్తు పెట్టానని. మావారి చేతిలో ఇడ్లీ ముక్క చట్నీలో మునిగి అక్కడే ఉండిపోయింది.

"దేనికీ?" అన్నారు.

"లాయరువి కావలసిందన్నారు గదండీ."

"అన్నాం. అయిపోమన్నామా?"

అసలు కారణం నేను చెప్పలేదు, ఆయన అడగలేదు కనక. నేను చాలా ఏళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. ఆ స్కూలు మూతపడ్డాక నా వరండా తెరుచుకుంది. పేటలో ఆడవాళ్లు అర్జీలు రాయించుకోవడానికి వచ్చేవారు. తండ్రి ఆస్తిలో వాటా అడిగినందుకు అన్నదమ్ములు పలకరింపు మానేసిన మనిషి, మొగుడు ఇంకో ఊళ్లో ఇంకో కాపురం పెట్టుకున్న మనిషి, ఇలాంటివాళ్లు. అర్జీ తీసుకుని అమలాపురం కోర్టు దగ్గర లాయరుని కలిసి, అక్కణ్నించి తిన్నగా మళ్లీ నా దగ్గరికే వచ్చేవారు. "ఆయనేం చెప్పేరో కాస్త మీరు చెప్పండమ్మా" అని అడిగేవారు. ఆయన చెప్పింది వినకుండానే నేను చెప్పేదాన్ని. ఆత్మవిశ్వాసానికి నాకేం తక్కువ? కానీ రాత్రి పడుకున్నాక, నేను చెప్పింది తప్పయితే ఆ మనిషి గతేమిటని గుండె దడదడలాడేది. ఆ దడ పోవాలంటే నాకు చదువు కావాలి. సంగతి ఇంతే.

పరీక్ష పుస్తకం గడియార స్తంభం దగ్గర కొని తెచ్చింది మా అమ్మాయి. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలకి చదువుకుంటూ ఇంట్లోనే ఉంది. నా కూతురే గానీ అన్నీ తండ్రి పోలికలు. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వింటుంది. ఆ లోపమొక్కటీ లేకపోతే బంగారం. నాకు మాస్టారు అదే.

మొదటి నమూనా పరీక్ష పెట్టింది. చట్టం సంగతులు బాగానే రాశాను. లెక్కలు ఫరవాలేదు. 'తార్కిక విశ్లేషణ' అనే భాగంలో ఒక రకం ప్రశ్నలు మాత్రం ఒక్కటీ వదలకుండా తప్పు రాశాను. ఆ ప్రశ్నలన్నిటికీ చివర ఒకటే వాక్యం: "కింది వాటిలో ఏది, నిజమైన పక్షంలో, పై వాదనను అత్యధికంగా బలపరుస్తుంది?" ఇంగ్లీషు నించి దించిన ఈ తెలుగుని బలపరచడమే ముందు కష్టం. పైగా 'నిజమైన పక్షంలో' ఏమిటి? వాళ్లిచ్చిన నాలుగు వాక్యాలూ నిజమని నేనెందుకు ఒప్పుకోవాలి? ఎవరు చెప్పారు వాళ్లకి?

"ఒప్పుకోవాలమ్మా. అది ఆట నియమం," అంది మా అమ్మాయి.

"ఒప్పుకుంటే ఇంక వాదనేముందే?"

అది పుస్తకం మూసి, కాసేపు సీలింగుకేసి చూసి, తనే ఒక ప్రశ్న తయారు చేసింది. "ఒక ఊళ్లో రొయ్యల చెరువులు తవ్వేక కొబ్బరి దిగుబడి పడిపోయింది. కాబట్టి చెరువుల వల్లే దిగుబడి పడిపోయింది. ఇదీ వాదన. దీన్ని బలపరిచేది ఏది? ఒకటి, ఆ ఏడాదే చెట్లకి తెల్లదోమ పట్టింది. రెండు, చెరువుల వల్ల కొబ్బరికి నష్టమని ఊరంతా అనుకుంటున్నారు. మూడు, పక్క ఊళ్లో అదే నేల, అదే వాన, చెరువులు మాత్రం లేవు, అక్కడ దిగుబడి పడిపోలేదు. నాలుగు, రొయ్యలకి విదేశాల్లో గిరాకీ ఎక్కువ."

"తెల్లదోమ," అన్నాను ఠక్కున.

"అమ్మా! తెల్లదోమ పట్టిందంటే తప్పు చెరువులది కాదని గదా. వాదన పడిపోయింది."

"పడిపోవాలి మరి. ఎవడో చెరువులు తవ్వేడని, అన్నీ వాడి నెత్తినే పెట్టేస్తారా? కాట్రేనికోనలో మా పెద్దమ్మగారి తోటకి ఏ చెరువూ లేదు, తెల్లదోమకి ఆకులు నల్లగా మసిబారిపోయేయి."

"నిన్ను బలపరచమన్నారు, పడగొట్టమనలేదు!"

ఇదీ నా జబ్బు. జాగ్రత్తగా చూస్తే, తప్పు రాసిన ప్రతి ప్రశ్నలోనూ వాదనని కూలదోసే వాక్యాన్నే ఎంచుకున్నాను. పొరపాటున కూడా వేరే తప్పు చెయ్యలేదు. అంత నిలకడగా తప్పు రాయడం కూడా ఒక ప్రతిభేనని మా అమ్మాయి మెచ్చుకుంది. తరవాత అది ఓపిగ్గా చెప్పింది. పంటకాలవకి ఇటు గట్టు మీద సాక్ష్యం ఉంటుంది, అటు గట్టు మీద నిర్ణయం ఉంటుంది. మధ్యలో నీళ్లు. ఆ నీళ్ల సంగతి వాదించేవాడు ఎత్తడు. నువ్వు అరవక్కర్లేదు, ఇటు నించి అటు దూకక్కర్లేదు. మధ్యలో ఒక తాటిదుంగ వెయ్యాలి. పక్క ఊళ్లో చెరువుల్లేవు, దిగుబడి పడిపోలేదు అన్నామనుకో, అదీ దుంగ. రుజువైపోయినట్టు కాదు, దాటడానికి కాస్త ధైర్యం వచ్చినట్టు.

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కువసేపు ఉండలేదు లెండి. ఎందుకంటే చుట్టూ చూస్తే మా వైపు ఎవరికీ దుంగ వెయ్యడం రాదు. వాదనని బలపరచడమంటే మా వాళ్లకి గొంతు పెంచడమో, అదే మాట ఇంకోసారి అనడమో. కాస్త చదువుకున్నవాళ్లయితే "ఎవర్నడిగినా చెబుతారండీ" అంటారు. ఆ ఎవర్నో నేను ఇన్నేళ్లలో ఎక్కడా కలవలేదు. కలిస్తే నాలుగు అడుగుదామని ఉంది.

సరే, ఇంక సాధన. రోజూ ఇంట్లో ఎవరు ఏమన్నా, నేను దాన్ని పడగొట్టకూడదు. దానికి దుంగ వెయ్యాలి. ఇది మా అమ్మాయి పెట్టిన హోంవర్కు. మావారికి చెప్పలేదు, చెబితే నమ్మరని.

"ఇవాళ పులుసు పల్చగా ఉందే," అన్నారాయన.

మామూలుగా అయితే మార్కెట్టులో చింతపండు నాణ్యత దగ్గర మొదలెట్టి వాళ్లమ్మగారి వంట దాకా వెళ్లి వచ్చేదాన్ని. ఆ రోజు గరిటె పక్కన పెట్టి, "నిజమేనండీ. చూడండి, అన్నం మీద పోస్తే ఆగకుండా కంచం అంచు దాకా పారిపోయింది. నిన్నటిది ఆగింది," అన్నాను.

ఆయన కంచంకేసి, నాకేసి మార్చి మార్చి చూశారు. "ఒంట్లో బాగానే ఉందా?"

మర్నాడు ఆఫీసుకి బయల్దేరుతూ వాన వచ్చేలా ఉందన్నారు. "ఆయ్, వస్తుందండీ. తూర్పు గాలి ఆగిపోయింది, ఉక్కపోత పెరిగింది," అన్నాను. ఆయన గొడుగు తీసుకోకుండానే హడావిడిగా వెళ్లిపోయారు. సాయంత్రం తడిసి వచ్చి మా అమ్మాయితో గుసగుసగా, "మీ అమ్మ ఏదో మనసులో పెట్టుకుందే. రెండు రోజుల్నించి నాతో ఏకీభవిస్తోంది," అన్నారు. మనిషి బిక్కచచ్చిపోయారు పాపం. నాకు మాత్రం రుచి మరిగింది. ఎదుటివాడు వదిలేసిన ఖాళీని చూడడం, దానికి సరిగ్గా సరిపోయే వాక్యం వెతకడం, అది పడగొట్టడంకన్నా కష్టమైన పని. కష్టమైన పని చేస్తుంటే నాకు గర్వం ఎక్కువవుతుంది. ఆ గర్వమే కొంప ముంచింది.

మా బావగారి ఇల్లు కొత్తపేట వైపు. హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. చర్చి సంఘంలో పెద్ద. మా కుటుంబంలో పెళ్లి, బదిలీ, ఇల్లు, చదువు, ఏదైనా సరే ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఇంట్లో భోజనం చేసి తేల్చాలి. ఆ తేల్చడంలో ఒక పద్ధతుంది. ముందు చిన్న ప్రార్థన, తరవాత అందరి అభిప్రాయాలు, చివర ముగింపు ప్రార్థన. తీర్పు ఆ ముగింపు ప్రార్థనలో ఉంటుంది. "ఈ బిడ్డ విశాఖపట్నం వెళ్లకుండా ఇక్కడే ఉండి నీ సేవ చేసుకునేలా కృప చూపించు తండ్రీ" అంటారు. అంటే ఆ బిడ్డ విశాఖపట్నం వెళ్లడం లేదన్నమాట. కళ్లు మూసుకుని, తలలు వంచుకుని ఉన్నవాళ్లు మధ్యలో "ఒక్క నిమిషమండీ" అనలేరు. ఆమెన్ అన్నాక అనడానికి ఇంకేం లేదు, మనమే గదా ఆమెన్ అన్నది. అప్పీలు లేని కోర్టు అది. ఆయన ప్రార్థన దాటి అడుగేసినవాళ్లు మా ఇళ్లల్లో ఎవరూ లేరు. రాజమండ్రి కాలేజీకి మూడేళ్లు రోజూ వెళ్లి రావాలంటే ఇంట్లో మావారి సాయం కావాలి, మావారు అన్నగారి ఆమెన్‌కి ఎదురు చెప్పరు. కాబట్టి నా చదువు ఆ ఆదివారం మీద ఆధారపడింది.

కోడికూర, పప్పుచారు, అక్కయ్య చేతి గారెలు. అక్కయ్యంటే మా తోటికోడలు, బావగారి భార్య. చేతులు కడుక్కున్నాక వరసగా కూర్చున్నాం. నా పక్కన మా అమ్మాయి.

"ఏమ్మా, పరీక్షేదో రాస్తున్నావంట," అన్నారు బావగారు.

"ఆయ్ అండీ."

"చదువు ఎప్పుడూ మంచిదే. కాదనేవాడు మూర్ఖుడు. కానీ చూడమ్మా, నీకు యాభై దగ్గర పడుతున్నాయి. చదువు పూర్తయ్యేసరికి దాటిపోతాయి. కాబట్టి ఇది అనవసరం గదా."

అందరూ ఆయ్ అన్నారు.

"ముప్ఫయ్యేళ్లు సర్వీసు చేసినవాణ్ని. ఇలాంటివి ఎన్ని చూసేనో," అన్నారాయన మళ్లీ.

"అన్నయ్య చెప్పింది నిజం. ఈ వయసులో అనవసరమే," అన్నారు మావారు.

"రాజమండ్రిలో ఎండలు కూడా ఎక్కువంటమ్మా," అంది అక్కయ్య, ఏదో ఒకటి అనాలి గదా అన్నట్టు.

మా అమ్మాయి నా చెవి దగ్గర, "పెద్దరికం చూపించి నమ్మమనడం, అన్నదే అనడం, సంబంధం లేనిది. మూడు తప్పు జవాబులూ వచ్చేసేయి," అని గొణిగింది.

నిజానికి వాదన వరకూ నేను గెలిచే ఉన్నాను. ఆ మూడు మాటల్లో ఒక్కటీ కాలవ దాటించేది కాదు. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. కానీ నల్లబల్ల మీద తప్పు చూసి దిద్దకుండా ఉండలేని చెయ్యి నాది. ఇంత చదువుకున్న మనిషి, నన్ను ఇంత పేలవంగా ఓడిస్తాడా? నాకు అవమానంగా అనిపించింది.

"బావగారూ, అది సరిపోదండీ," అన్నాను.

"ఏది?"

"మీ వాదనండీ. వయసు పెరిగిందన్నారు, అనవసరమన్నారు. మధ్యలో ఖాళీ వదిలేసేరు. మీరు అనాల్సిందేంటంటే, కొత్త లాయరు ఎవరైనా ముందు ఒక సీనియరు దగ్గర కొన్నేళ్లు ఫైళ్లు మొయ్యాలి. తనకన్నా పెద్దదాన్ని, అందులోనూ ఎదురు మాట్లాడేదాన్ని, ఏ సీనియరూ జూనియరుగా పెట్టుకోడు. జూనియరుగా చెయ్యకపోతే కేసులు రావు. అప్పుడు మీ మాట నిలబడుతుందండీ."

మా అమ్మాయి అరచేత్తో నుదురు కొట్టుకుంది. బావగారి ముఖం మెల్లగా వెలిగింది.

"ఆయ్! అదేనమ్మా నేను చెప్పేది! సరిగ్గా అదే! నీ నోటితో నువ్వే చెప్పేవు. అంతా దేవుడు పలికించేడు," అని కళ్లు మూసుకుని చేతులు జోడించారు. "ప్రార్థన చేసుకుందాం."

నేను వేసిన దుంగ మీదే నడిచి నా ఆశని ముంచెయ్యడానికి వెళ్తున్నారు. అందరి తలలూ వంగాయి. ప్రార్థన సాఫీగా మొదలైంది. పంట, వాన, మనవళ్లు అన్నీ వచ్చాయి. తరవాత నేను వచ్చాను. "నీ దాసురాలు లోక సంబంధమైన ఆశలు విడిచి, ఆ దరఖాస్తు సంగతి మరిచిపోయి, కుటుంబంతో నెమ్మదిగా..." అంటూ ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆయనకి కాస్త ఆయాసం ఉంది.

ఆ సందులో నేను దూరాను. కళ్లు తెరవలేదు. తెరిస్తే ధైర్యం చాలేది కాదు.

"అవును ప్రభువా," అన్నాను. "బావగారు చెప్పిందంతా నిజమే. నన్ను ఏ సీనియరూ పెట్టుకోడు. ఒకరి కింద అణిగి ఉండడం నీ దాసురాలికి చేతకాదని నీకు తెలుసు, నువ్వే అలా పుట్టించావు. కోర్టులో గౌను వేసుకుని వాదించాలనే కోరిక నాకు లేదు తండ్రీ. ఉంటే అది ఇంట్లోనే తీరిపోయింది. మా వరండాలోకి వచ్చే ఆడవాళ్లని నువ్వు చూస్తున్నావు. వాళ్లు లాయరు చెప్పింది అర్థంకాక నా దగ్గరికి వస్తారు. నాకు తెలిసీ తెలియకుండా చెబుతాను. నేను చెప్పింది తప్పయితే ఒకావిడ తన పుట్టింటి వాటా పోగొట్టుకుంటుంది. వాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు గనక నేను కేసులు వెతుక్కోనక్కరలేదు. చెప్పేది సరిగ్గా చెప్పడం నేర్చుకుంటే చాలు..."

"స్తోత్రం," అంది ఒక గొంతు. ఆడగొంతు.

మా ప్రార్థనల్లో స్తోత్రం అనడం మామూలే. కానీ అది అక్కయ్య గొంతు. ఆవిడ బావగారి ప్రార్థనకి తప్ప ఎవరి ప్రార్థనకీ అలా పైకి అనదు. "స్తోత్రం ప్రభువా," అని రెండోసారి ఇంకాస్త గట్టిగా అంది. ఆవిడ పుట్టింట్లో కొబ్బరితోట పంచుకున్నప్పుడు ఆవిడ పేరు ఎవరికీ గుర్తు రాలేదని అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ సంగతి ఎత్తగా నేను వినలేదు.

నేను యేసు నామమున అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. బావగారు కూడా. అనక ఏం చేస్తారు? ఒకే ప్రార్థనలో రెండు వ్యతిరేక విన్నపాలు, ఒకే ఆమెన్. దేవుడికి ఆ రోజు ఎంత తలనొప్పి వచ్చిందో! బావగారు కళ్లు తెరిచి ఎవరికేసీ చూడకుండా, "మజ్జిగ తీసుకురండి," అన్నారు.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి బస్సెక్కుతానని తప్పించుకుంది. నేనూ మావారూ స్కూటరు మీద కాలవ గట్టు వెంట వస్తున్నాం.

"ప్రార్థనలో వాదించొచ్చా?" అన్నారాయన.

"తీర్పు చెప్పొచ్చా?"

కాలవ లాకుల దగ్గర లారీకి దారిచ్చి ఆగినప్పుడు, ముందుకే చూస్తూ అన్నారు. "వయసూ కాదు, సీనియరూ కాదే. నువ్వు లాయరువైతే ఇంట్లో ఇంక నా మాట ఒక్కటీ నెగ్గదు."

"ఇప్పుడు నెగ్గుతున్నాయా?"

"నువ్వు అలిసిపోయిన రోజున నెగ్గుతున్నాయి. చదువుకున్నాక అలిసిపోవేమోనని."

నేను ఠక్కున ఏదో అనబోయి ఆగాను. మొదటిసారి ఆ మనిషి, కాలవలో నీళ్లెంత లోతో దాచకుండా చూపించారు. పడగొట్టబుద్ధి కాలేదు. ఇంకోటి తోచింది.

"రోజూ రాజమండ్రి వెళ్లొస్తే అలిసిపోకుండా ఉంటానా అండీ? రావులపాలెంలో బస్సు మారాలి కూడాను."

లారీ వెళ్లిపోయింది. ఆయన గేరు మార్చారు. "అదీ నిజమేలే," అన్నారు. వీపు కాస్త వదులైంది.

మర్నాడు బావగారి ఫోను. "రెండు ప్రార్థనలూ వెళ్లేయి కాబట్టి పైనే తేలనీయమ్మా. ర్యాంకు రాకపోతే నా ప్రార్థన విన్నట్టు, వస్తే నీది," అన్నారు. ఓటమి ఒప్పుకోకుండా పక్కకి తప్పుకునే ఆ తీరు చూసి, నాకంటే ముందు ఆయనే లా చదవాల్సిందనిపించింది. "ఆయ్ అండీ," అన్నాను.

పరీక్ష కాకినాడలో. బలపరిచే ప్రశ్నలు ఉన్నాయి. ప్రతి దగ్గరా చెయ్యి మొదట పడగొట్టే జవాబు మీదికే వెళ్లింది. వెనక్కి లాక్కున్నాను, ఒక్కో దగ్గర లాక్కోలేకపోయాను. గొప్ప ర్యాంకేం రాలేదు. ఊళ్లో చెప్పుకోదగ్గది కాదు, సీటుకి సరిపోయేది. సంగతి చెప్పడానికి ఫోను చేస్తే అక్కయ్య ఎత్తింది. "మీ బావగారు స్నానానికి వెళ్లేరు," అంది. తరవాత గొంతు తగ్గించి, "తోట కాగితాలు మా అన్నయ్య దగ్గరే ఉన్నాయి గానీ, ఒకసారి నీతో మాట్లాడాలమ్మా. తొందరేం లేదు. నువ్వు చదువుకున్నాకే," అంది.

"మూడేళ్లు పడుతుంది అక్కయ్యా."

"ఇన్నాళ్లు ఆగేను గదా."

కాలేజీలో మొదటి రోజు నేను తలుపులోంచి అడుగు పెట్టగానే క్లాసు క్లాసంతా లేచి నిలబడింది. లెక్చరర్ అనుకున్నారు. ఒక్క క్షణం చాక్‌పీసు అందుకుందామా అనిపించిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. కూర్చోండి బాబూ అని చెప్పి, ఖాళీ ఉన్న బెంచీ వెతుక్కుని వెళ్లాను. పక్కనున్న అమ్మాయి బ్యాగు జరుపుతూ, "మేడమ్, ఇక్కడ ఫ్యాను తిరగదండి. అటువైపు కూర్చోండి," అంది.

తల ఎత్తి చూశాను. నిజమే, తిరగడం లేదు. ఎంత వెతికినా ఆ వాదనలో ఖాళీ కనిపించలేదు. అటువైపు బెంచీలు మాత్రం నిండిపోయి ఉన్నాయి. అక్కడే కూర్చుని పుస్తకం తీశాను.